ఆరేళ్ల అల్లరి, ముప్పై అయిదేళ్ల జీతం

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు నిండాయి. ఒక్క నిమిషం కుదురుగా కూర్చోడు. పక్కపిల్లల్ని తోసేస్తున్నాడని, మాట వినడని స్కూలు నుంచి తరచూ కంప్లయింట్ వస్తుంది. ఈమధ్య డైరీలో 'చెప్పింది పూర్తిగా వినడు, మొదలుపెట్టిన పని పూర్తి చేయడు' అని కూడా రాశారు. వయసు సరిపోగానే చేర్చేశాం కాబట్టి క్లాసులో చాలామంది వాడికంటే పెద్దవాళ్లే. చిన్నప్పుడు ఇలా ఉన్నవాళ్లు పెద్దయ్యాక తక్కువ సంపాదిస్తారని పరిశోధనలో తేలిందట, ఎక్కడో చదివాను. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. మావారు 'రెండు తగిలిస్తే దారికొస్తాడు' అంటారు. కోపం వస్తే వాడి ముందే 'వీడు ఎందుకూ పనికిరాడు' అనేస్తారు. పెద్దమ్మాయికి ఎనిమిదేళ్లు. దానితో ఏ గొడవా లేదు, తన లోకంలో తనుంటుంది. మా బాబు భవిష్యత్తు నిజంగా ఇప్పుడే తేలిపోయిందా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, తేలిపోలేదు. ఆరేళ్ల పిల్లాణ్ని చూసి వాడి జీతం ఎంతో చెప్పగల పరిశోధన ఎక్కడా లేదు. అలాగని మీరు చదివింది అబద్ధమూ కాదు. 'పిల్లలన్నాక అల్లరి చేయరా, పెద్దయితే వాళ్లే సర్దుకుంటారు' అని రాసేస్తే ఈ రాత్రికి మీకు నిద్ర పడుతుందేమో గానీ మీ పిల్లలకు ఒరిగేదేమీ ఉండదు. అందుకే ఆ పరిశోధనలో అసలేముందో, అందులో మీకు పనికొచ్చేదేమిటో కాస్త వివరంగానే రాస్తున్నాను.

మీ కంట పడింది బహుశా కెనడాలోని క్యూబెక్ ప్రావిన్స్‌లో జరిగిన అధ్యయనం. 1980లలో అక్కడి కిండర్‌గార్టెన్ టీచర్లు అయిదారేళ్ల పిల్లల ప్రవర్తన గమనించి మార్కులు వేశారు. ఆ పిల్లలు 33–35 ఏళ్ల వయసుకు వచ్చాక, ప్రభుత్వ పన్ను రికార్డుల్లో ఉన్న వాళ్ల సంపాదన తీసి ఆ పాత మార్కుల పక్కన పెట్టి చూశారు. మొత్తం 2,850 మంది. ఫలితాలు 2019లో వచ్చాయి. పిల్లల తెలివితేటల్లో, ఇంటి పరిస్థితుల్లో ఉన్న తేడాలను కూడా లెక్కలోకి తీసుకునే ఈ పోలిక చేశారు.

టీచర్లు చూసినవి ఆరు విషయాలు: శ్రద్ధ నిలవకపోవడం, కుదురు లేకపోవడం, కొట్టడం, ఎదురుతిరగడం, బెంగ, తోటివాళ్లకు సాయపడే గుణం. వీటిలో మగపిల్లలకూ ఆడపిల్లలకూ కూడా తక్కువ సంపాదనతో ముడిపడి కనిపించింది ఒక్కటే, శ్రద్ధ నిలవకపోవడం. కొట్టడం, ఎదురుతిరగడం మగపిల్లల్లో మాత్రమే తక్కువ సంపాదనతో కలిసి కనిపించాయి. సాయపడే గుణం ఉన్న మగపిల్లలు కొంత ఎక్కువ సంపాదించారు. ఇక కుదురు లేకపోవడానికి, అంటే మీరు ఉత్తరంలో మొట్టమొదట రాసిన 'ఒక్క నిమిషం కూర్చోడు' అన్నదానికి, మిగతావాటి నుంచి విడదీసి చూస్తే సంపాదనతో సంబంధం కనిపించలేదు.

కాబట్టి మీ భయం తప్పు చోట ఉంది. వాడి గెంతులాట చూసి కంగారుపడకండి. డైరీలో టీచరు రాసిన ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

ఆ సంబంధం ఎంత పెద్దదో కూడా చెప్పాలి. శ్రద్ధలోపం మార్కు ఒక 'ప్రామాణిక విచలనం' మేర తగ్గితే, అంటే పిల్లలకీ పిల్లలకీ మధ్య మామూలుగా ఉండే తేడా అంత తగ్గితే, ఏడాది సంపాదన మగవాళ్లకు సుమారు 3,000 అమెరికన్ డాలర్లు, ఆడవాళ్లకు సుమారు 1,900 డాలర్లు పెరగవచ్చని పరిశోధకులు అంచనా వేశారు. చిన్న మొత్తం కాదు. కానీ అది చాలామందిని కలిపి తీసిన సగటు. ఆరేళ్లప్పుడు ఒకే మార్కు తెచ్చుకున్న ఇద్దరు పిల్లల్లో ఒకరు పెద్దయ్యాక బాగా సంపాదించవచ్చు, ఇంకొకరు అవస్థ పడవచ్చు. ఏ పిల్లాడు ఏ వైపు వెళ్తాడో ఆ సగటు చెప్పదు. పైగా రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని అనలేం. పరిశోధకులు లెక్కలోకి తీసుకోలేనివి ఇంకెన్నో ఉంటాయి.

మార్ష్‌మాలో పరీక్ష గురించి వినే ఉంటారు. పిల్లల ముందు ఒక తీపి పెట్టి, కాసేపు తినకుండా ఆగితే ఇంకొకటి ఇస్తామనడం. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మనస్తత్వవేత్త వాల్టర్ మిషెల్ చేసిన ఈ ప్రయోగం విని, ఆగగలిగిన పిల్లలే జీవితంలో పైకొస్తారని చాలామంది నమ్మేశారు. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలతో అదే విషయాన్ని మళ్లీ పరిశీలిస్తే ఆ సంబంధం సగానికి పడిపోయింది. కుటుంబ నేపథ్యం, చిన్ననాటి తెలివితేటలు కూడా లెక్కలోకి తీసుకుంటే మిగిలింది మరీ స్వల్పం. క్యూబెక్ ఫలితాలు అంత తేలిగ్గా కరిగిపోయేవి కావు. అయినా పిల్లల భవిష్యత్తు గురించి ఏ వార్త చదివినా ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

సరే, ఆరేళ్లప్పటి అశ్రద్ధకు ముప్పై అయిదేళ్లప్పటి జీతంతో లంకె ఎలా పడుతుంది? క్లాసులో ఒక్క అయిదు నిమిషాలు చూస్తే తెలుస్తుంది. టీచరు బోర్డు మీద నాలుగు లైన్లు రాసి, చూసి రాసుకోమంటారు. పిల్లాడు మొదటి లైను రాస్తాడు. రెండోది చూద్దామని తలెత్తేలోపు వెనక ఎవరిదో పెన్సిల్ కిందపడుతుంది. అటు తిరుగుతాడు. మళ్లీ బోర్డు వైపు చూసేసరికి ఎక్కడిదాకా రాశాడో వెతుక్కోవాలి. వెతుక్కుని మూడో లైను మధ్యలోంచి మొదలుపెడతాడు. ఇంతలో బోర్డు తుడిచేస్తారు. నోట్సులో లైనున్నర మిగులుతుంది. ఇంటికొచ్చాక హోంవర్కు ఏమిటో తెలీదు. మర్నాడు తిట్లు.

ఒకరోజు జరిగితే ఇది లెక్కలోకే రాదు. రోజూ జరిగితే రెండో తరగతికి చదవడంలో తడబాటు మొదలవుతుంది. నాలుగుకొచ్చేసరికి లెక్క చేయడం వచ్చినా ప్రశ్న అర్థం కాదు. ఎనిమిదికొచ్చేసరికి 'నాకు చదువు రాదు' అని తనే తీర్మానించుకుంటాడు. ఆ తర్వాత చదువు మధ్యలో ఆగడం, దొరికిన పనిలో చేరడం, అది నిలవక ఇంకోటి వెతుక్కోవడం ఒకదాని వెనక ఒకటి వస్తాయి. జీతం తగ్గేది అక్కడ. అశ్రద్ధ ఒక్కటే వాణ్ని అంతదూరం తీసుకుపోదు. ప్రతి మెట్టు దగ్గరా ఎవరో ఒకరు చూసీ చూడనట్టు వదిలేస్తేనే అంతదూరం పోతుంది. ఇంతకీ నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆ ముప్పై ఏళ్లలో మధ్యలో ఎక్కడ పట్టుకున్నా దారి మారుతుంది, ఎంత ముందు పట్టుకుంటే అంత తక్కువ కష్టం.

న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్ నగరంలో 1972–73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని ఇప్పటికీ గమనిస్తూ వస్తున్నారు. చిన్నప్పుడు తమను తాము అదుపులో ఉంచుకోవడం తక్కువగా ఉన్నవాళ్లు 32 ఏళ్లకు డబ్బు ఇబ్బందుల్లో ఎక్కువగా కనిపించారని 2011లో తేలింది. దాన్ని అందరూ చెబుతారు. అదే అధ్యయనంలో ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. చిన్నప్పుడు అదుపు తక్కువగా ఉన్నా, ఎదిగే క్రమంలో దాన్ని పెంచుకున్నవాళ్లు పెద్దయ్యాక అనుకున్నదానికంటే బాగా ఉన్నారు.

ఇప్పుడు మీరు అడగని విషయం. మీ అమ్మాయి.

ఉత్తరంలో బాబు గురించి అన్ని వాక్యాలు రాసి, అమ్మాయిని రెండే వాక్యాల్లో దాటేశారు. 'ఏ గొడవా లేదు, తన లోకంలో తనుంటుంది' అన్నారు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, ఏ ఇంట్లోనైనా గొడవ చేసే బిడ్డ వైపే కళ్లన్నీ ఉంటాయి. కానీ క్యూబెక్ టీచర్లు శ్రద్ధలోపం కింద గమనించిన లక్షణాల్లో పరధ్యానంగా ఉండటం కూడా ఉంది. ఆడపిల్లల్లో సంపాదన తగ్గడంతో ముడిపడినది కూడా ఈ శ్రద్ధలోపమే. అల్లరి చేసే పిల్లాడి మీద కంప్లయింట్ వస్తుంది, దానివల్ల ఎవరో ఒకరు పట్టించుకుంటారు. నిశ్శబ్దంగా కిటికీలోంచి చూస్తూ కూర్చునే అమ్మాయి మీద కంప్లయింట్ ఇచ్చేవాళ్లే ఉండరు. 'మంచి పిల్ల' అనిపించుకుంటూనే ఏడాదికేడాది వెనకబడిపోతుంది. శ్రద్ధలోపం ఉన్న ఆడపిల్లల్ని గుర్తించడం ఆలస్యం కావడానికి ఇది పెద్ద కారణం.

మీ అమ్మాయికి సమస్య ఉందని నేననడం లేదు. ఆలోచనల్లో మునిగే పిల్లల్లో చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. ఒక్కటి చూడండి. తన వయసుకు తగ్గ పుస్తకంలో ఒక పేజీ చదివించి, పుస్తకం మూసి, ఏం జరిగిందో చెప్పమనండి. చక్కగా చెబితే, స్కూలు పనులు సగంలో ఆగకుండా పూర్తవుతుంటే, దిగులు అక్కర్లేదు. చదివింది చదివినట్టే ఎగిరిపోతూ ఉంటే, రోజూ ఏదో ఒక వస్తువు ఎక్కడో మర్చిపోయి వస్తుంటే, ఆ అమ్మాయి గురించి కూడా టీచర్‌తో కూర్చుని మాట్లాడాలి.

బాబు తోయడం, కొట్టడం గురించి. క్యూబెక్‌లోని మాంట్రియల్ నగరానికి చెందిన పరిశోధకుడు రిచర్డ్ ట్రాంబ్లే ఈ విషయం మీదే దశాబ్దాల పాటు పనిచేశారు. పిల్లలు కొట్టడాన్ని పెరుగుతూ నేర్చుకుంటారని మనం అనుకుంటాం. ఆయన గమనించింది దానికి తిరగేసి ఉంది. కొట్టడం, కొరకడం, లాక్కోవడం రెండు నుంచి నాలుగేళ్ల మధ్య అన్నిటికంటే ఎక్కువగా ఉండి, ఆ తర్వాత తగ్గుతూ వస్తాయి. పిల్లలు నేర్చుకునేది కొట్టకుండా ఉండటాన్ని. కొందరికి అది కాస్త ఆలస్యంగా వస్తుంది. ఆరేళ్లకు తోసేయడం చూసి గాభరా పడక్కర్లేదు. రోజూ ఎవరో ఒకరికి దెబ్బ తగిలేలా కొడుతున్నా, జంతువుల్ని హింసిస్తున్నా, ఇంట్లోనూ బయటా ఒకేలా ఉన్నా అప్పుడు ఆగకూడదు.

ఇంకో పరిశోధన గురించి కూడా మీకు ఎవరో ఒకరు చెప్పే అవకాశం ఉంది కాబట్టి ముందే రాస్తున్నాను. బ్రిటన్‌లో 1958లో పుట్టినవాళ్ల వివరాలతో ముగ్గురు ఆర్థికవేత్తలు లెక్క వేస్తే, పదకొండేళ్లప్పుడు దుడుకుగా ఉన్నవాళ్లకు చదువు తక్కువే అబ్బినా, సంపాదన ఎక్కువగా కనిపించింది. దుడుకుతనం కొన్ని ఉద్యోగాల్లో చొరవగా పనికొస్తుందని వాళ్ల వాదన. అయితే పేద ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు ఆ లాభం దక్కలేదు. తప్పు చేసినా నిలదొక్కుకునే ఆసరా ఉన్నవాళ్లకే దుడుకుతనం కలిసొచ్చిందని నాకు అర్థమైంది. కాబట్టి ఇది చూపించి 'వాడి అల్లరే వాణ్ని పైకి తెస్తుంది' అని ఎవరన్నా నమ్మకండి. ఆ 1958 వాళ్ల మీదే జరిగిన మరో అధ్యయనంలో, చిన్నప్పుడు మానసిక సమస్యలున్నవాళ్ల కుటుంబ ఆదాయం 50 ఏళ్ల నాటికి సుమారు నాలుగోవంతు తక్కువగా తేలింది.

క్లాసులో చాలామంది వాడికంటే పెద్దవాళ్లని రాశారు చూడండి, అది చాలా ముఖ్యమైన విషయం. అమెరికాలో సెప్టెంబర్ 1 వయసు గడువుగా ఉన్న రాష్ట్రాల్లో, ఆగస్టులో పుట్టి క్లాసులో అందరికంటే చిన్నగా ఉన్న పిల్లలకు, సెప్టెంబర్‌లో పుట్టి అందరికంటే పెద్దగా ఉన్నవాళ్ల కంటే 34 శాతం ఎక్కువగా ఏడీహెచ్‌డీ (శ్రద్ధ, కుదురు బాగా లోపించే సమస్య) ఉన్నట్టు నిర్ధారిస్తున్నారని 2018లో తేలింది. సెప్టెంబర్ గడువు లేని రాష్ట్రాల్లో ఆ తేడా కనిపించలేదు. అంటే చిన్న వయసును చూసి జబ్బు అనుకున్న సందర్భాలు ఉన్నాయన్నమాట. ఆరేళ్ల వయసులో పది నెలల తేడా చాలా పెద్దది. మీ టీచర్‌ని 'క్లాసులో వీడి వయసు పిల్లలతో పోలిస్తే ఎలా ఉన్నాడు' అని అడగండి. మొత్తం క్లాసుతో పోలిక వద్దు.

దానికంటే ముందు పిల్లల డాక్టర్‌కి చూపించండి. చెవి సరిగ్గా వినిపించని పిల్లాడు 'చెప్పింది వినడు' అనిపించుకుంటాడు. జలుబు చేసిన ప్రతిసారీ చెవి లోపల నీరు చేరి వినికిడి తగ్గే పిల్లలు చాలామంది ఉంటారు, అది బయటికి తెలీదు. బోర్డు మసకగా కనిపించేవాడు రాయడం మధ్యలో ఆపేస్తాడు. గురకపెట్టే పిల్లాడికి రాత్రి నిద్ర సరిగా పట్టక పగలంతా చిరాకు. రక్తంలో ఐరన్ తక్కువైనా ఏకాగ్రత తగ్గుతుంది. ఇవన్నీ సరిచేయగలిగినవే. ఇవేవీ కావని తేలాక, ఆరు నెలలకు పైగా ఇంట్లోనూ స్కూల్లోనూ కూడా అదే తీరు ఉంటే అప్పుడు పిల్లల మానసిక నిపుణుల్ని కలవండి. ఏడీహెచ్‌డీ అని తేలినా ఆ పేరుకి భయపడొద్దు. ఆరేళ్లు నిండని పిల్లలకైతే మందుల కంటే ముందు తల్లిదండ్రులకే శిక్షణ ఇవ్వాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది. ఆరు దాటినవాళ్లకు శిక్షణతో పాటు మందులు కూడా సూచిస్తుంది. ఏది కావాలో డాక్టర్ చూసి చెప్పాలి.

మార్పు నిజంగా సాధ్యమా అన్నదానికి నేను ఎక్కువగా నమ్మే ఆధారం మాంట్రియల్‌లోనే ఉంది. 1980లలో అక్కడ కిండర్‌గార్టెన్‌లో బాగా దుడుకుగా ఉన్న మగపిల్లల్ని ఎంచుకుని, కొందరికి ఏడు నుంచి తొమ్మిదేళ్ల వయసులో రెండేళ్ల పాటు శిక్షణ ఇచ్చారు. ఎవరికి ఇవ్వాలన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు, కాబట్టి పోలిక గట్టిది. పిల్లలకు స్కూల్లో చిన్న గుంపుల్లో, నెమ్మదిగా ఉండే తోటిపిల్లలతో కలిపి, కోపం వచ్చినప్పుడు ఏం చేయాలో, ఆటలోకి ఎలా చేరాలో నేర్పారు. తల్లిదండ్రులకు ఇంటికి వెళ్లి, మంచి పనిని గుర్తించి చెప్పడం, కొట్టకుండా క్రమశిక్షణలో పెట్టడం నేర్పారు. ఆ పిల్లలు పెద్దయ్యాక, శిక్షణ అందనివాళ్ల కంటే వాళ్ల ఏడాది సంపాదన సగటున 20 శాతం దాకా ఎక్కువగా ఉందని 2022లో అచ్చయింది. నేరాల్లో ఇరుక్కోవడం తగ్గింది, చదువు పెరిగింది. అమెరికాలో పేద పిల్లల కోసం 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ కార్యక్రమంలోనూ ఇలాంటిదే జరిగింది. ఆ పిల్లల ఐక్యూలో వచ్చిన పెరుగుదల కొన్నేళ్లకే పోయింది, కానీ నలభై ఏళ్ల వయసులోనూ, ఆ కార్యక్రమం అందనివాళ్ల కంటే సంపాదనలో ముందున్నారు. ఆ మేలులో పెద్ద భాగం ప్రవర్తన మెరుగుపడటం వల్లే వచ్చిందని ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ బృందం 2013లో లెక్కగట్టింది.

ఇంట్లో మీరు రేపే మొదలుపెట్టగలిగింది ఒకటి చెబుతాను. వాడు స్కూలు నుంచి రాగానే మనం ఏమంటాం? 'బూట్లు విప్పు, బ్యాగు అక్కడ పెట్టు, చేతులు కడుక్కో, డైరీ తీసుకురా', అదీ ఇంకో గదిలోంచి అరుస్తూ. శ్రద్ధ నిలవని పిల్లాడికి ఇందులో మొదటిది వినిపిస్తుంది, మిగతావి గాలికి పోతాయి. పది నిమిషాల తర్వాత వాడు ఒక బూటు విప్పి రెండోదానితో ఆడుకుంటూ ఉంటాడు, మనకి ఒళ్లు మండుతుంది. దీని బదులు దగ్గరికెళ్లి, వాడి కళ్లెత్తుకి వంగి, ఒకే ఒక్కటి చెప్పండి: 'బూట్లు విప్పు'. చెప్పాక అయిదు సెకన్లు నోరు మెదపకండి. విప్పగానే 'చెప్పిన వెంటనే విప్పావు, బాగుంది' అనండి. ఉత్తి 'గుడ్ బాయ్' చాలదు, ఏం చేసినందుకు మెచ్చుకుంటున్నారో వాడికి తెలియాలి. అప్పుడు రెండోది. మొదటి వారం ఇది మీకు విసుగు పుట్టిస్తుంది. చేయండి. దీంతో పాటు రోజూ పదిహేను నిమిషాలు వాడు ఎంచుకున్న ఆట వాడు చెప్పినట్టు ఆడండి. ఆ పదిహేను నిమిషాలు సలహాలు వద్దు, తప్పులు దిద్దడాలు వద్దు, ఫోన్ చేతిలో వద్దు. అమ్మాయికి కూడా విడిగా అంతే సమయం ఇవ్వండి.

మీవారి సంగతి. ఆయన చెడ్డ తండ్రి అని నేననుకోవడం లేదు, మీలాగే ఆయనకీ టెన్షన్ ఉంది, అది కోపంగా బయటపడుతోంది. కానీ 'రెండు తగిలిస్తే దారికొస్తాడు' అన్నది జరగదు. లక్షా అరవై వేల మందికి పైగా పిల్లలకు సంబంధించిన అధ్యయనాలన్నీ కలిపి 2016లో పరిశీలిస్తే, దెబ్బలు తిన్న పిల్లల్లో దుడుకుతనం, మొండితనం ఎక్కువగా ఉన్నాయే తప్ప తక్కువగా లేవు. వాడు తోటిపిల్లల్ని కొట్టడం మానాలని మనం కోరుకుంటూ ఇంట్లో కొట్టడమే చూపిస్తే వాడు ఏది నేర్చుకుంటాడు? 'ఎందుకూ పనికిరాడు' అన్న మాట కూడా హాని చేస్తుంది. ఆరేళ్లవాడు నాన్న మాటను కోపంలో అన్నమాటగా తీసుకోడు, నిజమని నమ్ముతాడు. ఎనిమిదో తరగతిలో 'నాకు చదువు రాదు' అనుకునే పిల్లాడి గురించి పైన రాశాను కదా, వాడికి ఆ మాట మొదట నేర్పింది చాలాసార్లు ఇంట్లోవాళ్లే. ఈ ఉత్తరం ఆయన చేత చదివించండి. పిల్లలు నిద్రపోయాక ఇద్దరూ కూర్చుని, ఒకరు చెప్పిన దానికి ఇంకొకరు అడ్డు రాకుండా ఉండేలా రెండు మూడు నియమాలు మాత్రమే పెట్టుకోండి. ఎక్కువ పెట్టుకుంటే ఏదీ నిలవదు.

ఈ వారంలో టీచర్‌ని కలిసినప్పుడు 'మావాడు ఎలా ఉన్నాడు' అని అడగకండి, 'అల్లరి ఎక్కువండీ' అన్న జవాబే వస్తుంది. రోజులో ఏ పీరియడ్‌లో శ్రద్ధ ఎక్కువసేపు నిలుస్తోంది, ఏ పనిలో త్వరగా జారిపోతోంది, పక్కన ఎవరుంటే మెరుగ్గా ఉంటున్నాడు అని అడగండి. ముందు వరసలో, నెమ్మదైన పిల్లాడి పక్కన కూర్చోబెట్టమని, పెద్ద పనిని రెండు ముక్కలుగా ఇవ్వమని కోరండి. ఇవి అడగడానికి మొహమాటపడకండి, మంచి టీచర్‌కి ఇలాంటి తల్లి దొరకడం సంతోషమే. అమ్మాయి క్లాస్ టీచర్‌ని కూడా అదే రోజు కలిసి, ఇవే ప్రశ్నలు అడిగి రండి.